వాచిన వేలును పట్టి చూసే చెయ్యి పీహెచ్‌సీలోనే ఉండాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, అధికారులకు నమస్కారం.

కీళ్ల జబ్బులకు వైద్యం చేసే డాక్టర్లం, ఫిజియోథెరపిస్టులం, ఆ జబ్బులున్న పిల్లల కళ్లు పరీక్షించేవాళ్లం కలిసి రాస్తున్నాం. పెద్దల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్, పిల్లల్లో జువెనైల్ ఆర్థరైటిస్ గురించి ఈ లేఖ. కొత్త ఆసుపత్రి కట్టమని అడగడం లేదు. పీహెచ్‌సీలో, పల్లె దవాఖానాలో, విలేజ్ క్లినిక్‌లో ఇప్పుడున్న సిబ్బందితోనే అయ్యే పని అడుగుతున్నాం. ఆ పని జరగక చేతులు వంకర్లు పోతున్నాయి, పిల్లల చూపు పోతోంది.

ముందు పేరు దగ్గరే చిక్కు ఉంది. మోకాలు అరిగినా కీళ్లవాతమే, యూరిక్ యాసిడ్‌తో కాలి బొటనవేలు వాచినా కీళ్లవాతమే, చికున్‌గున్యా తర్వాత మిగిలిన నొప్పులూ కీళ్లవాతమే. అన్నిటికీ ఒకటే మాట కాబట్టి అన్నిటికీ ఒకటే సూది పడుతోంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వీటిలో దేనికీ చెందదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే సొంత కీళ్ల మీద తిరగబడటం వల్ల వచ్చే జబ్బు ఇది. కీలు లోపల ఉల్లిపొరంత పల్చగా ఉండాల్సిన సైనోవియం అనే పొర వాచి, మందమెక్కి, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కుంటూ పోతుంది. కొరికిన ఎముక మళ్లీ రాదు. చాలామందిలో ఈ గాట్లు మొదటి రెండేళ్లలోనే ఎక్స్‌రేలో కనబడతాయి. అందుకే వాపు మొదలైన ఆరు వారాల్లోపు నిపుణుడి కంట పడాలనీ, మూడు నెలల్లోపు అసలు మందు మొదలవ్వాలనీ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. మన జిల్లాల్లో ఆ మూడు నెలలు ఆర్‌ఎంపీ దగ్గరా మెడికల్ షాపు దగ్గరా గడిచిపోతున్నాయి.

పెద్దల్లో ఈ జబ్బు నూటికి ఒకరికి కూడా ఉండదు. కానీ మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ, అదీ ముప్ఫై నుంచి అరవై ఏళ్ల మధ్య, సంసారమూ కూలీ రెండూ చేతుల మీద నడిచే వయసులో. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆమెకు బొటనవేలూ చూపుడువేలూ పట్టు తప్పితే ఆ నెల కూలి లేనట్టే.

జబ్బును పట్టుకోవడానికి పీహెచ్‌సీ డాక్టరుకు కావాల్సింది రెండు నిమిషాలు. "నొప్పి ఉందా?" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. "పొద్దున లేచాక వేళ్లు వదులవడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడగాలి. అరుగుదల అయితే పావుగంటా అరగంటలో సర్దుకుంటుంది. ఈ జబ్బులో గంట, రెండు గంటలు పడుతుంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి ఇంకొకరు కావాలి, ఎండ ఎక్కాక గానీ గుప్పిట ముడుచుకోదు.

తర్వాత చెయ్యి పట్టుకోవాలి. వేళ్లు అరచేతిలో కలిసే చోట ఉండే కణుపుల వరసను, చూపుడువేలి వైపు నుంచి చిటికెనవేలి వైపుకి, కరచాలనంలా అడ్డంగా పట్టి మెల్లగా నొక్కాలి. మామూలు చెయ్యి అయితే ఏమీ అనిపించదు. వాపున్న చెయ్యి అయితే మనిషి ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంటుంది. కాలి వేళ్ల మొదట్లో కూడా ఇలాగే నొక్కాలి. చెప్పు వేసుకుంటే గులకరాయి మీద నడిచినట్టుంది అనే మాట చాలామంది నోట వస్తుంది, అది ఈ కణుపుల నొప్పే. ఆపైన పిడికిలి బిగించమనాలి. కణుపుల మధ్య మామూలుగా కనిపించే పల్లాలు పూడిపోయి ఉంటే అక్కడ వాపు ఉన్నట్టు. బొటనవేలితో తడిమితే ఆ వాపు మెత్తగా, స్పాంజిలా తగులుతుంది. అరుగుదలలో గోటి పక్క కణుపు దగ్గర తగిలేది గట్టి ఎముక బొడిపె. రుమటాయిడ్ సాధారణంగా గోటి పక్క కణుపు జోలికి పోదు. మూడు, అంతకంటే ఎక్కువ కీళ్లు వాచి ఉన్నా, ఇలా నొక్కితే నొప్పి పుట్టినా, పొద్దుటి బిగుతు అరగంట దాటినా ఆ మనిషిని నిపుణుడి దగ్గరికి పంపాలి. రక్త పరీక్ష రిపోర్టు కోసం ఆగకూడదు.

రక్త పరీక్ష మాట వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. "ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్, నీకు వాతం లేదు పో" అని పంపేసిన వాళ్లు ఏళ్ల తరబడి పెయిన్ కిల్లర్ల మీద బతుకుతున్నారు. జబ్బు ఉన్న వాళ్లలో నూటికి ఇరవై ముప్ఫై మందికి ఆ పరీక్ష నెగెటివ్‌గానే వస్తుంది. జబ్బు లేని పెద్ద వయసు వాళ్లలో, క్షయ, హెపటైటిస్ సి ఉన్న వాళ్లలో పాజిటివ్ రావచ్చు కూడా. యాంటీ సీసీపీ అనే పరీక్ష పాజిటివ్ వస్తే మరింత నమ్మొచ్చు, కానీ అది నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. మొదటి నెలల్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. 2010లో అమెరికా, యూరప్ నిపుణుల సంఘాలు కలిసి తెచ్చిన పది పాయింట్ల కొలతలో ఆరు వస్తే జబ్బు అంటారు. అందులో ఐదు పాయింట్ల దాకా వచ్చేది ఎన్ని కీళ్లు, ఏ కీళ్లు అనే లెక్క నుంచే. అసలా లెక్క మొదలవ్వాలంటేనే కనీసం ఒక్క కీలులోనైనా డాక్టరు చేతికి వాపు తగలాలి. ల్యాబ్ కాగితం తర్వాతి సంగతి.

2006లో చికున్‌గున్యా ఆంధ్రప్రదేశ్‌ను ఊపేశాక, కీళ్లు పట్టేసినా "గున్యా నొప్పులే, తగ్గుతాయి" అనడం అలవాటైంది. చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గేవే. కానీ జ్వరం పోయి మూడు నెలలు దాటినా కీళ్లు వాచే ఉంటే అది గున్యాయే అనుకుని ఊరుకోకూడదు. ఇంకో హెచ్చరిక: ఒక్క కీలే ఎర్రగా, వేడిగా వాచి, జ్వరంతో కదపలేకుండా ఉంటే అది చీము పట్టిన కీలు కావచ్చు. అదే రోజు నీరు తీసి పరీక్షించగల ఆసుపత్రికి పంపాలి. స్టెరాయిడ్ సూది అసలు వేయకూడదు.

ఇక మందు. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజైన్ మూడూ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. పేటెంట్ల గొడవ లేని పాత మందులు, ఖరీదు తక్కువ. బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా ఇస్తున్న ఎన్‌సీడీ కౌంటర్లోనే ఇవీ ఇవ్వొచ్చు. నిపుణుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో ఒకసారి చూసి మొదలుపెడితే, తర్వాతి నెలల్లో మాత్రలూ రక్త పరీక్షలూ ఊరి దగ్గరే దొరకాలి. బస్సు చార్జీకి డబ్బుల్లేక మందు మానేసేవాళ్లు, మందు పడక మానేసేవాళ్లకు తీసిపోరు.

మెథోట్రెక్సేట్ దగ్గర మాత్రం మేం మిమ్మల్ని బతిమాలుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. పెద్దలకు 7.5 నుంచి 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 20, 25 దాకా పెంచుతాం, మొత్తం వారానికే. మన చీటీల మీద మందు రాసే పద్ధతేమో "1-0-0", అంటే రోజూ పొద్దున ఒకటి. షాపులో స్ట్రిప్ మీద పెన్నుతో గీసే గీతకూ అదే అర్థం. దీనికి తోడు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తాం. రెండూ పసుపు రంగే, రెండూ చిన్నవే, కొన్ని బ్రాండ్లలో పేర్లు కూడా ఒకేలా మొదలవుతాయి. ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకున్నా ప్రమాదం లేదు. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే పదిరోజులు తిరక్కుండానే నోరంతా పుండ్లు పడి, రక్త కణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. చదువుకున్న ఇళ్లలోనూ ఇలా జరుగుతుంది. తప్పు రోగిది అనలేం, చీటీది.

అందుకని ప్రభుత్వ ఫార్మసీ నుంచి వెళ్లే ప్రతి మెథోట్రెక్సేట్ కవరు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో "వారానికి ఒక్కరోజే - ఆదివారం" అని అచ్చు వేయించండి. ఏ రోజైనా ఫరవాలేదు, రోజు పేరు మాత్రం ఉండాలి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్రకు ఇంకో రంగు కవరు వాడి, "మంగళవారం" అని రాయించండి. ఒకసారికి నాలుగు వారాలకు సరిపడానే ఇవ్వండి. 2.5, 10 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ ఒకే కౌంటర్లో ఉంచొద్దు, 2.5 ఒక్కటే ఉంచండి. నాలుగు మాత్రలు లెక్కపెట్టుకోవడం కష్టమే గానీ, 2.5కు బదులు 10 వచ్చి నాలుగు మింగడం కంటే నయం.

మొదలుపెట్టే ముందు రక్త కణాల లెక్క, లివర్ ఎంజైములు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే చూడాలి. తర్వాత మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఆపైన రెండు మూడు నెలలకోసారి మొదటి మూడు పరీక్షలు చాలు. ఈ మందు ఒంట్లోంచి పోయేది కిడ్నీల గుండా. కాబట్టి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ చూడకుండా మెథోట్రెక్సేట్ గానీ పెయిన్ కిల్లర్లు గానీ మొదలుపెట్టడం ఘోరమైన తప్పు. ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే ఆ వారం మాత్ర ఆపమని ఆశా కార్యకర్త చెప్పగలగాలి. ఈ మందు మీద ఉన్నవాళ్లకు దగ్గుకో మూత్రంలో మంటకో సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ రాయకూడదు, రెండూ కలిస్తే ఎముక మజ్జ దెబ్బతింటుంది. నోటి పుండ్లు, జ్వరం, పొడిదగ్గు, ఆయాసం, ఒంటి మీద కమిలిన మచ్చలు, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి అదే రోజు రావాలి. విరుగుడు ఫోలినిక్ యాసిడ్ ప్రతి జిల్లా ఆసుపత్రిలో నిల్వ ఉండాలి.

గర్భం విషయంలో దాపరికం పనికిరాదు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారని జబ్బు దాచి, పెళ్లయ్యాక మందులు చడీచప్పుడు లేకుండా మానేసి, ఏడాదికి చేతులు మెలికపడి తిరిగొచ్చే అమ్మాయిలు ఉన్నారు. మెథోట్రెక్సేట్, ఈ జబ్బుకే వాడే లెఫ్లునమైడ్ గర్భంలో నిషిద్ధం. మెథోట్రెక్సేట్‌ను గర్భానికి ముందే, ఒకటి నుంచి మూడు నెలల ముందు ఆపాలి. లెఫ్లునమైడ్ ఒంట్లో చాలాకాలం నిలిచిపోతుంది కాబట్టి దాన్ని కడిగేయడానికి వేరే మందు ఇవ్వాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫసలజైన్ మాత్రం గర్భంలోనూ కొనసాగించవచ్చు. పిల్లల్ని కనడానికి ఈ జబ్బు అడ్డం కాదని ఏఎన్‌ఎం నోట వినబడితే ఆ దాపరికంలో సగం పోతుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందు అని మేం అనం. అసలు మందు పట్టు దొరకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అంతదాకా తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ మేమూ ఇస్తాం, వీలైతే మూడు నెలల్లో దించేస్తాం. మేం వద్దంటున్నది వారం వారం పడే డెక్సామెథసోన్ సూదుల్ని, పేరు లేని పొట్లాల్లో అమ్మే పొడుల్ని. పొద్దున వేసుకుంటే సాయంత్రానికి నొప్పి మాయం అనిపించే పొడిలో స్టెరాయిడ్ ఉందనే అనుమానించాలి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం ఒక ఎత్తు. అంతకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి మనిషి కుప్పకూలడం ఇంకో ఎత్తు. లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది, పైకి నొప్పి తెలియదు, అంతే.

పై మెట్టు మందుల గురించి రెండు ముక్కలు చాలు. 2007లో రితుక్సిమాబ్ అనే మందుకు సాటి వచ్చే నకలు, అంటే బయోసిమిలర్‌ను ప్రపంచంలో ముందుగా తెచ్చింది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సంస్థే. 2014లో అడాలిముమాబ్ కూడా మన దేశంలోనే తయారైంది. పాత మందులు సరిగ్గా వాడినా తగ్గని వాళ్లకే ఇవి. వేసే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి, ఒంట్లో నిద్రపోతున్న క్షయ లేచి కూర్చుంటుంది కాబట్టి. ఈ కొద్దిమందికి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో, ఆరోగ్యశ్రీలో దారి చూపించండి. ఆ పథకాలు పుట్టింది ఆసుపత్రిలో పడుకునే రోగి కోసం, ఈ జబ్బు నడిచేది జీవితమంతా ఓపీలో.

వంకాయ, బంగాళదుంప, చింతపండు మానేస్తే తగ్గుతుందనే నమ్మకంతో ఉప్పూ కారం లేని తిండి తిని నీరసించిపోతున్నారు. ఆ కూరలకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. పొగాకుకు ఉంది. పొగతాగడం ఈ జబ్బు వచ్చే ముప్పును పెంచుతుంది, వచ్చాక మందు పనిచేయనివ్వదు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర తీరంలోని ఆడవాళ్లకు నోటి క్యాన్సర్‌తోపాటు ఈ మాటా చెప్పాలి.

ఇప్పుడు పిల్లలు. "చిన్నపిల్లలకు కీళ్లవాతమేమిటి?" అనే మాట తల్లి నోటే కాదు, అవుట్ పేషెంట్ విభాగంలోనూ వినబడుతుంది. పదహారేళ్లలోపు మొదలై, వేరే కారణం దొరక్కుండా ఆరు వారాలు నిలిచిన కీలు వాపును జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. అందులో ఏడు రకాలు. పెద్దల రుమటాయిడ్‌ను పోలి, ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వచ్చేది అందులో చిన్న వంతే. కాబట్టి పిల్లల్లో ఆ పరీక్ష నెగెటివ్ అని తోసిపుచ్చడం పెద్దలకంటే కూడా తప్పు.

రెండేళ్ల పాప నొప్పి అని చెప్పదు. నడక వచ్చిన పిల్ల పొద్దున్నే చంక దిగదు. దింపితే ఒక కాలు ఈడుస్తుంది, మధ్యాహ్నానికి ఆడుకుంటుంది. అందుకే డాక్టరు దగ్గరికి వచ్చేసరికి బాగానే కనిపిస్తుంది. పెరిగే పిల్లలకు వచ్చే మామూలు కాళ్ల నొప్పులు దీనికి తిరగేసి ఉంటాయి. అవి రాత్రి పూట రెండు కాళ్లలో వస్తాయి, వాపు ఉండదు, తెల్లారితే పరుగే. రాత్రుళ్లు ఎముకల్లో నొప్పితో లేచి ఏడుస్తూ, పాలిపోయి, కీలు వాపుకు మించిన నొప్పి ఉంటే రక్త క్యాన్సర్ (లుకేమియా) కాదని తేల్చేదాకా స్టెరాయిడ్ ముట్టించొద్దు, అసలు జబ్బు కప్పబడిపోతుంది.

ఈ ఆర్థరైటిస్ ఉన్న పిల్లల్లో చాలామందికి గొంతు ఇన్ఫెక్షన్ ఆనవాలు చూసే ఏఎస్‌ఓ పరీక్ష చేసి, అంకె ఎక్కువ ఉందని రుమాటిక్ ఫీవర్ కింద రాసి, ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేస్తున్నారు. గొంతు నొప్పి వచ్చిపోయిన ఏ పిల్లకైనా ఆ అంకె పెరగొచ్చు. రుమాటిక్ ఫీవర్‌లో వాపు ఒక కీలు నుంచి ఇంకో కీలుకు దూకుతుంది, ప్రతి కీలూ కొద్ది రోజుల్లో చల్లబడుతుంది. ఈ జబ్బులో అదే మోకాలు వారాల తరబడి వాచే ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త: నిజంగా రుమాటిక్ ఫీవర్ ఉన్న పిల్లలకు ఆ సూదే గుండెకు కాపలా. గుండెకు ఎకో స్కాన్ తీసి తేల్చకుండా ఎవరూ ఆపకూడదు.

ఇంకో రకంలో కీళ్లకంటే జ్వరం ముందుంటుంది. రోజుకోసారి జ్వరం నిలువునా లేచి దిగిపోతుంది, లేచినప్పుడు ఒంటి మీద లేత గులాబీ రంగు దద్దుర్లు, దిగగానే అవీ మాయం. టైఫాయిడ్ అంటూ యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మారుస్తూ వారాలు గడుస్తాయి. ఈ పిల్లల్లో జ్వరం ఆగకుండా పట్టేసి, రక్త కణాలూ, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ రెండూ పడిపోతుంటే తగ్గుతోందని సంతోషించకూడదు. అది ప్రాణాంతకమైన మలుపు, గంటలు లెక్కపెట్టుకుని పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

అన్నిటికంటే మా మనసు తొలిచేది కన్ను. ఒకటి రెండు కీళ్లే వాచిన చిన్నపిల్లల్లో, ముఖ్యంగా ఏఎన్‌ఏ అనే రక్త పరీక్ష పాజిటివ్ వచ్చిన ఆడపిల్లల్లో, కంటి లోపల యువైటిస్ అనే వాపు వస్తుంది. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి లేదు. టార్చి వేసి చూస్తే ఏమీ కనబడదు. స్లిట్ ల్యాంప్ కింద సన్నని కాంతి గీత పెట్టి చూస్తే మాత్రం, పెంకుటింటి సందులోంచి దిగిన ఎండ పట్టెలో ధూళి తేలినట్టు కణాలు తేలుతూ కనిపిస్తాయి. ఆ దశలో స్టెరాయిడ్ చుక్కలతో, మెథోట్రెక్సేట్‌తో చూపు దక్కుతుంది. ఆలస్యమైతే కనుపాప వెనక లెన్సుకు అతుక్కుని వంకర్లు పోతుంది, శుక్లం, గ్లకోమా వస్తాయి. మోకాలి వాపు తగ్గిందని కన్ను చూపించడం మానేస్తారు, కానీ కీలు చల్లబడ్డాక కూడా కంట్లో జబ్బు రాజుకోవచ్చు. అందుకే ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడు నెలలకోసారి పరీక్ష ఏళ్ల పాటు సాగాలి. స్లిట్ ల్యాంప్ ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో నెలకో పూట ఈ పిల్లల కోసం కేటాయించి, తర్వాతి తేదీ కార్డు మీద రాసి ఇవ్వండి.

వాచిన మోకాలికి రక్తం ఎక్కువగా పారి ఆ కాలు రెండోదానికంటే పొడుగు పెరుగుతుందనీ, దవడ కీలు దెబ్బతింటే గడ్డం చిన్నదిగా ఉండిపోతుందనీ తెలిసినవాళ్లు తక్కువ. ఒకటి రెండు కీళ్లే అయితే కీలు లోపలికి వేసే స్టెరాయిడ్ ట్రయామ్‌సినలోన్ సూదితో నెలల తరబడి వాపు దిగుతుంది. ఎక్కువ కీళ్లయితే పిల్లలకూ మెథోట్రెక్సేటే, ఒంటి విస్తీర్ణాన్ని బట్టి చదరపు మీటరుకు వారానికి 10 నుంచి 15 మిల్లీగ్రాములు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బృందాలు బడులకూ అంగన్‌వాడీలకూ తిరిగి ముప్ఫై రకాల సమస్యలు చూస్తున్నాయి. అందులో రుమాటిక్ గుండె జబ్బు ఉంది, ఈ ఆర్థరైటిస్ లేదు. చేర్చడానికి యంత్రమేమీ అక్కర్లేదు. పిల్లను మునివేళ్ల మీద, తర్వాత మడమల మీద నాలుగడుగులు నడిపించాలి. గొంతుక్కూర్చుని లేవమనాలి. బాసింపట్టు వేయించాలి. నోరు తెరిపించి పిల్ల సొంత వేళ్లు మూడు నిలువుగా పడతాయేమో చూడాలి. చివరగా నమస్కారం పెట్టించాలి. మోచేతులు పక్కలకు పైకెత్తినా అరచేతులు రెండూ మణికట్టు దాకా సందు లేకుండా ఆనుకోవాలి. సందు కనిపిస్తే మణికట్టులోనో వేళ్లలోనో వాపు ఉన్నట్టు. ఆ పిల్ల పేరు రాసుకుని పంపాలి.

పీహెచ్‌సీ డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, విలేజ్ క్లినిక్, పల్లె దవాఖానాలు చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీలకు, ఈ బృందాలకు ఇదంతా చేతులు పట్టుకుని నేర్పడానికి ఒక్క పూట చాలు. మండలాల వారీగా తేదీలు వేయండి, మేం వస్తాం. మొదటి పూటకు మెథోట్రెక్సేట్ కవరు నమూనా కూడా వెంట తెస్తాం.

ఇట్లు,
కీళ్ల జబ్బుల వైద్యం, ఫిజియోథెరపీ, కంటి పరీక్షల్లో పనిచేస్తున్నవాళ్లం